ఫోన్‌లో ఎండ బొమ్మ, బులెటిన్‌లో 'వేటకు వెళ్లొద్దు': ఏది నమ్మాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీ బావగారికి కాకినాడలో మరబోటు ఉంది. ఇంట్లో ఇంటర్నెట్ చూసి చెప్పగలిగింది మీరే కాబట్టి వేటకు బయల్దేరే ముందు మిమ్మల్నే అడుగుతారు. ఈసారి ఫోన్ యాప్‌లో కాకినాడకు ఎండ బొమ్మ వేసి, గాలి గంటకు 18 కిలోమీటర్లు అని ఉంది. వాతావరణ శాఖేమో ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది, ఎల్లుండి నుంచి సముద్రంలోకి వెళ్లొద్దు అంటోంది. బావగారు ఆరు రోజుల వేటకు ఐసు, డీజిలు సిద్ధం చేసుకున్నారు. ఏది నమ్మాలి, అసలు బులెటిన్‌లో ఏం చూడాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. ఈసారి వెళ్లనివ్వకండి. ఆ యాప్ అబద్ధమేమీ చెప్పడం లేదు. కాకినాడ ఊళ్లో ఇవాళ ఎలా ఉంటుందో చెబుతోంది, అంతే. మీ బావగారు నాలుగో రోజున ఊరికి వంద కిలోమీటర్ల అవతల వల లాగుతూ ఉంటారు. ఆ రోజు ఆ నీళ్లలో ఎలా ఉంటుందో ఎండ బొమ్మ చెప్పదు. నా వరకు పాటించిన సూత్రం ఒకటే: తిరిగొచ్చే రోజు ఎలా ఉంటుందో చూసి బయల్దేరాలి.

నేను 11 ఏళ్లు మరబోట్ల మీద చేశాను. కళాసీగా, అంటే బోటు పనివాడిగా చేరి, బోటు నడిపే సరంగునయ్యాను. ఆ తర్వాత 15 ఏళ్లు కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో చమురు రిగ్గులకు సామాను చేరవేసే సప్లై ఓడల మీద ఉన్నాను. రోజూ బులెటిన్ చదివి లాగ్‌బుక్‌లో ఎక్కించడం అక్కడ నా పని. అందుకే రెండు వైపుల నుంచీ చెప్పగలను.

లెక్క చూడండి. ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే కాకినాడకు సుమారు 1300 కిలోమీటర్ల దూరం అనుకుందాం. ఇవి మామూలుగా గంటకు 10 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. 15 అనుకున్నా మూడున్నర రోజుల్లో మన దగ్గరికి వస్తుంది. మరబోటు ప్రశాంతమైన నీళ్లలో 7 నాట్లు, అంటే గంటకు 13 కిలోమీటర్లు పరిగెడుతుంది. 130 కిలోమీటర్ల దూరం నుంచి ఇంటికి పది గంటలు. ఎదురుగాలి, ఎదురు కెరటం ఉంటే అదే బోటు 4 నాట్లకు పడిపోతుంది, పది గంటలు కాస్తా పదిహేడు దాటుతుంది. హెచ్చరిక విన్నాక వల ఎత్తి బయల్దేరదాం అనుకునేవాళ్లు ఈ రెండో లెక్క వేసుకోరు.

పైగా అల్పపీడనం కంటే దాని కెరటం ముందు వస్తుంది. ఇది బాగా అర్థం చేసుకోవాల్సిన విషయం, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

సముద్రంలో కెరటాలు రెండు రకాలు. ఒకటి అక్కడికక్కడ గాలి లేపే కెరటం. పొట్టిగా, చిందరవందరగా ఉంటుంది, ఒక కెరటానికీ తర్వాతి కెరటానికీ మధ్య 4 నుంచి 7 సెకన్లు. రెండోది ఎక్కడో దూరాన పెద్ద గాలి లేపితే, ఆ గాలిని వదిలేసి వందల, వేల కిలోమీటర్లు నడిచొచ్చే కెరటం. దీన్నే స్వెల్ అంటారు. నున్నగా, బారుగా ఉంటుంది, మధ్య వ్యవధి 10 సెకన్లు దాటుతుంది. వ్యవధి ఎంత ఎక్కువైతే కెరటం అంత వేగంగా ప్రయాణిస్తుంది. 12 సెకన్ల స్వెల్ లోతు నీళ్లలో గంటకు 34 కిలోమీటర్ల చొప్పున వస్తుంది. అంటే 1300 కిలోమీటర్ల అవతల తుఫాను బలపడితే దాని కెరటం ఒకటిన్నర రోజులో మన తీరానికి చేరుతుంది. అప్పటికి ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండకపోవచ్చు.

ఇన్‌కాయిస్, అంటే హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం, ఇచ్చే సూచనలో కెరటం ఎత్తు, స్వెల్ ఎత్తు, వ్యవధి, దిశ అన్నీ ఉంటాయి. అందరూ ఎత్తు ఒక్కటే చదివి వదిలేస్తారు. ఎత్తు పక్కనే సెకన్లు చదవండి. నిన్న 7 సెకన్లు ఉన్నది ఇవాళ 12 అయిందంటే ఎత్తు పెరగకపోయినా ఎక్కడో ఏదో జరుగుతోందని అర్థం.

దీన్ని ఒడ్డున నిలబడి కూడా కొలవొచ్చు. ఉప్పాడ వైపు వెళ్లి, ఒడ్డుకు దూరంగా కెరటం తెల్లబడే చోటు ఒకటి గుర్తు పెట్టుకోండి. అక్కడ ఒక పెద్ద కెరటం విరగగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. దాని తర్వాత పది కెరటాలు లెక్కపెట్టి ఆపండి. వచ్చిన సెకన్లను పదితో భాగించండి. చిన్న కెరటాలు మధ్యలో దూరి లెక్క తప్పిస్తాయి, వాటిని వదిలేయాలి. రెండు మూడు సార్లు చేస్తే చేయి కుదురుతుంది. వారం రోజులు పొద్దున్నే చేసి క్యాలెండర్ మీద రాసిపెట్టమని మీ మేనల్లుళ్లకు చెప్పండి, సరదాగా నేర్చుకుంటారు.

ఇక ఎత్తు దగ్గరికి వద్దాం. బులెటిన్‌లో 2.5 మీటర్లు అని ఉంటే అన్ని కెరటాలూ 2.5 లోపే అని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఆ సంఖ్య మొత్తం కెరటాల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతును తీసుకుని వేసిన సగటు. వెయ్యి కెరటాలు వెళ్తే అందులో ఒకటి దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. 2.5 అంటే ఆ ఒక్కటీ నాలుగున్నర మీటర్లు దాటుతుంది. ఏడు సెకన్లకు ఒకటి చొప్పున రెండు గంటల్లో వెయ్యి కెరటాలు మీ బోటు కింద నుంచి వెళ్తాయి. రాత్రి మీరు ఆరు గంటలు పడుకుంటే అలాంటి కెరటాలు రెండో మూడో వచ్చిపోతాయి. వల లాగేటప్పుడు, బోటు అడ్డంగా తిరిగి ఉన్నప్పుడు అది తగిలితే ఏమవుతుందో మీ బావగారికి నేను చెప్పక్కర్లేదు.

గాలి లెక్కలో కూడా ఇలాంటి చిక్కు ఉంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లు అవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న బోటు 60ని కూడా ఏదోలా తట్టుకుంటుంది అనుకోకూడదు. మత్స్యకారుల హెచ్చరిక సాధారణంగా 45 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుంది. '45 నుంచి 55, అప్పుడప్పుడు 65' అని రాస్తారు చూశారా, ఆ 'అప్పుడప్పుడు' అన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి. బోటును బోల్తా కొట్టించేది ఆ విసురే.

స్వెల్ అసలు దెబ్బ తీసేది మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట. నడిసముద్రంలో 15 సెకన్ల స్వెల్ వస్తే బోటు ఊయల ఊగినట్టు లేచి దిగుతుంది, పెద్దగా తెలియదు కూడా. అదే కెరటం మొగలో మేట వేసిన ఇసుక మీదకు రాగానే కాళ్లకు అడ్డం తగిలినట్టు లేచి నిలబడుతుంది. తన ఎత్తుకు ఒకటింపావు, ఒకటిన్నర రెట్ల లోతు దగ్గర విరుగుతుంది. అప్పుడు పాటు ఉంటే, అంటే నీరు సముద్రంలోకి తీస్తుంటే, ఎదురు ప్రవాహానికి కెరటం ఇంకా నిటారు అవుతుంది.

నేను సరంగుగా ఉన్న రోజుల్లో ఒక ఏప్రిల్ నెల మొదట్లో, వేట నిషేధానికి వారం ముందు, గోదావరి పాయ ఒకదాని మొగలోకి తిరిగొస్తున్నాం. గాలి లేదు. ఎండ కాస్తోంది. రేడియోలో ఏ తుఫాను మాటా లేదు. కానీ రెండు రోజులుగా దక్షిణం నుంచి బారు కెరటం వస్తోంది. మొగకు కిలోమీటరు దూరంలో ఇంజన్ నెమ్మది చేసి చూశాను. పది నిమిషాల పాటు ఏమీ లేదు, అద్దంలా ఉంది. తర్వాత వరసగా నాలుగు కెరటాలు మొగ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్లగా విరిగాయి. మళ్లీ అద్దం. స్వెల్ ఎప్పుడూ ఇలా గుంపులుగానే వస్తుంది. లంగరు వేశాను. పోటు పుంజుకునే దాకా ఐదు గంటలు ఆగుదాం అన్నాను. కళాసీలకు కోపం వచ్చింది, ఐసు కరిగిపోతోంది, ఒడ్డు కళ్ల ముందే ఉంది మరి. మా వెనక వచ్చిన రెండు బోట్లు ఆగలేదు. మొదటిది ఆ ప్రశాంతమైన పది నిమిషాల్లో దూరిపోయింది. రెండోదాని వెనక కెరటం లేచింది. బోటు వెనక భాగం పైకి లేచి, ముక్కు ఇసుకలో గుచ్చుకుని, పక్కకు తిరిగి పడిపోయింది. అదృష్టం కొద్దీ ఏడుగురూ థర్మకోల్ పెట్టెలు పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చారు. బోటు మాత్రం ముక్కలైంది. సాయంత్రం పోటు మీద మేం లోపలికి వెళ్తుంటే దాని పలకలు నీళ్ల మీద తేలుతూ ఎదురొచ్చాయి.

ఆ కెరటం ఎక్కడిదో ఓడ మీద చేరాక, చార్టులు చూడటం నేర్చుకున్నాక తెలిసింది. దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీల అక్షాంశానికి కిందికి ఏడాది పొడవునా పెద్ద గాలులు ఉంటాయి. అక్కడ పుట్టిన 18 సెకన్ల స్వెల్ రోజుకు 1200 కిలోమీటర్లు నడుస్తుంది. ఐదారు రోజుల్లో బంగాళాఖాతానికి వస్తుంది. కేరళలో దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని అర్థం. మనం చూసే ఏ తుఫాను మ్యాప్‌లోనూ ఇది కనబడదు. ఇప్పుడు ఇన్‌కాయిస్ వాళ్లు దీనికి విడిగా హెచ్చరిక ఇస్తున్నారు. 'స్వెల్ సర్జ్' అన్న మాట కనబడితే మొగలోకి వెళ్లడం, రావడం పోటు వేళకు పెట్టుకోమని చెప్పండి.

ఇంకో మోసం నైరుతి రుతుపవనాల కాలంలో ఉంటుంది. జూన్ 14తో నిషేధం ముగిసి వేట మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. మన తీరంలో ఆ రోజుల్లో పడమటి గాలి. గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి ఒడ్డున కెరటం లేవడానికి చోటు దొరకదు. ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం పడుకుని ఉన్నట్టుంటుంది. అదే గాలికి యాభై, అరవై కిలోమీటర్ల నీళ్లు దొరికితే రెండు మీటర్ల కెరటం తయారు. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి హాయిగా వెళ్లిపోతారు. తిరిగొచ్చేటప్పుడు అంతా ఎదురే. ఆ నెలల్లో ఒడ్డున కనిపించేదాన్ని బట్టి లోపల ఎలా ఉందో ఊహించకండి.

రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్ల గురించి కూడా చాలామందికి అపోహ ఉంది. 'ఒకటో నంబరే కదా' అని బోటు తీసేస్తారు. ఒకటి, రెండు నంబర్లు దూరపు హెచ్చరికలు. రేవుకు ఇప్పుడే ముప్పు లేదు, కానీ ఇక్కడి నుంచి బయల్దేరే ఓడలకు దారిలో ముప్పు ఉంది అని వాటి అర్థం. మూడో నంబరు నుంచి రేవుకే గాలి తగిలే అవకాశం. కాబట్టి ఒడ్డున ఇల్లున్నవాడికి ఒకటో నంబరు చిన్నదే కావచ్చు గానీ, బయల్దేరబోయే బోటుకు మాత్రం అది నేరుగా చెప్పిన మాట.

అల్పపీడనం, వాయుగుండం అన్న మాటలు కూడా గాలిని బట్టి పెట్టినవే. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను. టీవీలో 'ఇంకా వాయుగుండమే' అంటే ఇళ్లున్నవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ వాయుగుండం గాలి చాలు చిన్న బోటుకు. పైగా బంగాళాఖాతం నీళ్లు అక్టోబరు, నవంబరుల్లో కూడా 28 డిగ్రీలకు అటూ ఇటూ వెచ్చగా ఉంటాయి. ఒక్క రోజులో బలపడిపోవడం వింతేమీ కాదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన కోనసీమ మీద విరుచుకుపడినది పరిమాణంలో చిన్న తుఫానే. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లి తిరిగి రానివాళ్ల ఇళ్లు మీ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. మీ బావగారి తండ్రి తరం వాళ్లను అడిగి చూడండి.

ఇప్పుడు మీరు తప్పకుండా అడిగే మాటకు వస్తాను: 'చెప్పింది జరగలేదు కదా, అప్పుడు వేట పోయినట్టే కదా?' నిజమే. 2021 డిసెంబరులో జవాద్ వస్తుందని ఉత్తరాంధ్రలో బడులు మూసేశారు. అది తీరం చేరకముందే బలహీనపడింది. మరుసటి మే నెలలో అసని ఒడ్డుకు రాకుండా ఒడిశా వైపు మళ్లిపోతుందని మొదట అంచనా. అది మచిలీపట్నం, నర్సాపురం దాకా వచ్చేసింది. మన సముద్రంలో తుఫాను మార్గం అంచనాలో సగటు తేడా 24 గంటలకు 80 కిలోమీటర్ల చుట్టూ, మూడు రోజులకు 150 కిలోమీటర్ల చుట్టూ ఉంటోంది. అంటే మ్యాప్‌లో గీసిన గీతకు రెండు పక్కలా కాకినాడ నుంచి విశాఖ అంత వెడల్పు వదలాలి. అందుకే మ్యాప్‌లో గీతతో పాటు గరాటు ఆకారం వేస్తారు. బోటు ఆ గరాటు లోపల ఉంటే గీత ఎటు వెళ్తుందన్నది మనకు అనవసరం. వేట పోయిందన్న బాధ నాకు తెలుసు. డీజిలు అప్పు మీద తెచ్చుకున్నవాళ్లకు ఆరు రోజులు ఊరికే పోవడం మామూలు నష్టం కాదు. అయినా పదిసార్లు ఊరికే ఆగిన సరంగునే నేను మంచి సరంగు అంటాను.

బులెటిన్‌కు అందనిది ఒకటి ఉంది: ఈదురుగాలి. ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు మొదట్లోనూ సాయంత్రం వేళ ఉరుముల మబ్బు కింద పడే గాలి ఇరవై నిమిషాలే ఉంటుంది, కానీ ఆ ఇరవై నిమిషాల్లో 20 కాస్తా 60 అవుతుంది. గాలి సూచనలు పెద్ద పెద్ద గడులకు సగటు వేసి ఇచ్చేవి కాబట్టి ఒక్క మబ్బు కింద జరిగేది వాటిలో కనబడదు. దీనికి కళ్లే దిక్కు. మబ్బు అడుగున నల్లటి గీత, దాని కింద నీళ్ల మీద తెల్లటి నురగ వరస, ఒక్కసారిగా చల్లబడే గాలి: ఈ మూడూ కనబడితే వల వదిలేసైనా ముక్కు గాలికి తిప్పుకోవాలి. మెరుపుల కోసం 'దామిని' యాప్ ఉంది గానీ సిగ్నల్ ఉన్నంత దూరమే పనికొస్తుంది.

సిగ్నల్ పోయాక దగ్గర ఉండాల్సినవి రెండు. మొదటిది పీడనం కొలిచే బారోమీటరు, కొన్ని ఫోన్లలోనే ఉంటుంది. మన ప్రాంతంలో పీడనం రోజూ పద్ధతిగా పొద్దున పదింటికి, రాత్రి పదింటికి పెరిగి, నాలుగింటికల్లా రెండుమూడు మిల్లీబార్లు తగ్గుతుంది. ఇది మామూలే. నిన్న ఇదే వేళకు ఎంత ఉందో దానితో పోల్చాలి. అలా పోల్చినా మూడు మిల్లీబార్లు తగ్గితే అనుమానించాలి, ఐదు తగ్గితే ఇంటి దారి పట్టాలి. రెండోది మీ ముఖం. గాలికి ఎదురుగా నిలబడితే అల్పపీడన కేంద్రం మీ కుడిచేతి వైపు, కాస్త వెనక్కి ఉంటుంది. ఈశాన్యపు గాలి అయితే కేంద్రం ఆగ్నేయానికీ దక్షిణానికీ మధ్య ఉన్నట్టు. నవంబరులో ఈశాన్యపు గాలి ఎలాగూ ఉంటుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే చూసి కంగారు పడకండి. గాలి దిశ మారకుండా బలం పెరుగుతూ, పీడనం పడిపోతూ ఉంటే అది నేరుగా మీ మీదకే వస్తోందని లెక్క.

ఏ వరసలో చూడాలో కూడా అడిగారు. నేనైతే ముందు వాతావరణ శాఖ మత్స్యకారుల హెచ్చరిక తెరుస్తాను. మనది 'పశ్చిమ మధ్య బంగాళాఖాతం', 'ఆంధ్రప్రదేశ్ తీరం వెంబడి' అన్న వరసల్లో వస్తుంది. అందులో వద్దంటే ఇంకేమీ చూడను. వద్దని లేకపోతే ఇన్‌కాయిస్ వాళ్ల 'సముద్ర' యాప్‌లో కెరటం ఎత్తు, సెకన్లు చూస్తాను. రంగుల గాలి మ్యాపులు ఆఖరున. వాటిలో సమయం చాలాసార్లు గ్రీనిచ్ లెక్కలో ఉంటుంది, ఐదున్నర గంటలు కలుపుకోకపోతే మధ్యాహ్నపు గాలిని పొద్దుటిది అనుకుంటారు. బోటులో అందరికీ తెలియాల్సిన నంబరు 1554, అది కోస్ట్ గార్డ్‌ది. వీహెచ్ఎఫ్ రేడియో సెట్ ఉంటే 16వ చానల్.

మీ బావగారి బోటు పొడవెంత, నిండు బరువు మీద ఎన్ని నాట్లు పరిగెడుతుంది, మామూలుగా ఎంత దూరం వెళ్తారు, ఇవి కింద రాయండి. హెచ్చరిక ఎన్ని గంటల ముందు అందితే ఏ దూరం నుంచి వెనక్కి రాగలరో ఆ బోటుకు సరిపడా లెక్క వేసి పెడతాను. క్యాబిన్‌లో అతికించుకుంటే పనికొస్తుంది.